ఇంట్లో ఫర్నిచర్‌కి నీటిరంగులు: బరువు కనిపించేలా వేయడం

నీటిరంగులు కొత్తగా పట్టుకున్నవాళ్ళు ఎక్కువగా గోదావరి మీద సాయంత్రమో, మందార పువ్వో వేయాలని చూస్తారు. మా క్లాసుకి వచ్చేవాళ్ళని నేను మాత్రం ముందు ఇంట్లో ఉన్న కుర్చీ బొమ్మ వేసుకుని రమ్మంటాను. కుర్చీ వాడిపోదు, ఎగిరిపోదు. ఈరోజు సగంలో ఆపితే రేపు అదే వేళకి అదే చోట ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని మీరు ఏళ్ళ తరబడి వాడారు. కూర్చుంటే ఎక్కడ కిర్రుమంటుందో, ఏ కాలు కాస్త పొట్టో మీ ఒంటికి తెలుసు. ఆ తెలిసినదాన్ని కాగితం మీదికి తేవాలి, అంతే పని.

మా నాన్న వడ్రంగి. రాజమండ్రిలో మా ఇంటి వసారాయే ఆయన షెడ్డు. ఆయన చిత్రిక పడుతుంటే రాలే చెక్క పొట్టు మధ్య కూర్చునే నేను బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. ఎవరైనా పాత కుర్చీ తెచ్చి బాగుందా లేదా చెప్పమంటే ఆయన పాలిష్ వైపు చూసేవారు కాదు. కుర్చీని తిరగేసి అతుకులు చూసేవారు. మనిషి కూర్చుంటే బరువు ముందు సీటు మీద పడుతుంది, సీటు నుంచి అతుకుల్లోకి, అతుకుల నుంచి కాళ్ళలోకి, కాళ్ళ నుంచి నేలలోకి దిగుతుంది. ఆ దారి ఎక్కడ తెగినా కుర్చీ విరుగుతుంది. బొమ్మలోనూ అంతే. రంగులు ఎంత ముచ్చటగా ఉన్నా బరువు నేలలోకి దిగే దారి కనిపించకపోతే కుర్చీ గాల్లో తేలుతుంది. నేను ఇక్కడ చెప్పేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే ఉంటుంది.

కొనాల్సినవి

డబ్బు పెట్టాల్సింది కాగితం మీద. రంగులు స్టూడెంట్ రకమైనా సర్దుకోవచ్చు, కాగితం బాగా లేకపోతే ఎంత చెయ్యి తిరిగినవాళ్ళైనా ఏమీ చేయలేరు. స్కూల్లో వాడే డ్రాయింగ్ షీటు నీళ్ళు తగలగానే ఉబ్బి లేస్తుంది, రంగంతా గుంటల్లోకి చేరి ఎండుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కోల్డ్ ప్రెస్ కాగితం, అంటే కాస్త గరుకుగా ఉండే మందపాటి కాగితం అడగండి. వీలైతే వంద శాతం కాటన్‌ది తీసుకోండి. చెక్కకి రంగు పొర మీద పొర వేయాలి, మామూలు గుజ్జు కాగితం మీద మూడో పొరకి కింద రంగు లేచిపోతుంది, కాటన్ కాగితం తట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువే. అందుకే 22 × 30 అంగుళాల పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్క 11 × 15 వస్తుంది, ఒక కుర్చీకి సరిగ్గా సరిపోతుంది.

రంగులు ఐదు చాలు: ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ, ఒక ఎరుపు. ఎరుపు కొనేటప్పుడు ట్యూబు మీద లైట్‌ఫాస్ట్ గుర్తు చూడండి. చాలా సెట్లలో వచ్చే అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకి వెలిసిపోతుంది, దాని బదులు పర్మనెంట్ రోజ్ లాంటిది మేలు. నలుపు ట్యూబు తెరవనే వద్దు. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ కలిపితే మీకు కావలసిన నలుపు వస్తుంది, నీళ్ళు పెంచితే బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా మారుతుంది. ఇంట్లో ఉండే స్టీలు, ఇనుము, నీడలు, పాత చెక్క పగుళ్ళు అన్నీ ఈ రెండింటిలోనే ఉన్నాయి.

బ్రష్షులు: రౌండ్ 10, రౌండ్ 4, అర అంగుళం ఫ్లాట్ ఒకటి, తాళ్ళూ పగుళ్ళూ గీయడానికి పొడుగు వెంట్రుకల రిగ్గర్ ఒకటి. ఇవి కాక రెండు గ్లాసుల నీళ్ళు, ఒక పాత లుంగీ ముక్క, ఒక కొవ్వొత్తి ముక్క. పెన్సిల్ హెచ్‌బీ చాలు.

ఫ్యాన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మే నెలలో మా ఊళ్ళో ఫ్యాన్ కింద కూర్చుని వేస్తే వాష్ (నీళ్ళు ఎక్కువ కలిపి పరిచే పలచటి రంగు పొర) సగానికి వచ్చేలోపు మొదటి సగం ఎండి గీత పడుతుంది. ఎండాకాలం పొద్దున్నే వేసుకోండి, లేదా కాగితం వెనక వైపు తడి గుడ్డతో తుడిచి అట్టకి టేపు వేయండి. వానాకాలంలో దీనికి పూర్తిగా ఎదురు. పొర ఎండదు, ఎండిందనుకుని రెండోది వేస్తే రెండూ కలిసిపోతాయి. వేలి వెనక భాగం కాగితానికి తాకించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ముందు పీట

మొదటి రోజే నవారు మంచం జోలికి పోకండి. భోజనాల పీట తీసుకోండి. పైన ఒక పలక, కింద రెండు కట్టెలు, అంతే. ఇంతకంటే సులువైన ఫర్నిచర్ లేదు, కానీ బరువు గురించి నేర్పాల్సింది చాలా వరకు అదే నేర్పుతుంది. కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచే పడేలా పెట్టండి. ట్యూబ్‌లైటు ఆపేయండి. రెండు వైపుల నుంచీ వెలుగు పడితే రెండు నీడలు వస్తాయి, ఏ నీడనీ నమ్మలేం.

పీట పైభాగానికి ఒక రంగు, వెలుగు పడే పక్కకి ఇంకొంచెం ముదురు, నీడ పక్కకి బాగా ముదురు. మూడే మూడు రంగులు. పలక కింద, కట్టెల మధ్య ఉండే చీకటి ఉంది చూశారూ, అక్కడ ధైర్యం చేయండి. కొత్తవాళ్ళు అందరూ భయపడేది అక్కడే, బొమ్మ పాడైపోతుందేమోనని పలచగా వేస్తారు. నీటిరంగు తడిగా ఉన్నప్పటి కంటే ఎండాక లేతబడుతుంది, కాబట్టి మీకు మరీ ముదురుగా ఉందనిపించిన రంగే ఎండాక సరిపోతుంది. ఆ చీకటి పడితే పీట నేల మీద కూర్చుంటుంది.

కుర్చీ గీయడం

కుర్చీకి మరీ దగ్గరగా కూర్చుంటే ముందు కాళ్ళు విపరీతంగా పెద్దవై, వెనక కాళ్ళు చిన్నవై కనిపిస్తాయి. కుర్చీ ఎత్తుకి కనీసం మూడింతల దూరం జరగండి. చిన్న గది అయితే గుమ్మం బయట కూర్చోండి. కూర్చున్నాక మీ కన్ను ఎంత ఎత్తులో ఉందో గుర్తుపెట్టుకోండి, సగంలో లేచి నిలబడి వేయకండి. నిలబడితే సీటు పరుచుకుని కనిపిస్తుంది, కింద కూర్చుంటే సన్నబడిపోతుంది. రెండూ ఒకే బొమ్మలో కలిస్తే ఆ కుర్చీ మీద ఎవరూ కూర్చోలేరు.

బ్రష్ కాడని చాచిన చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి, కుర్చీ వెడల్పు ఎత్తులో ఎన్నో వంతు ఉందో కొలవండి. ఇది తప్పించుకోవద్దు. తర్వాత కుర్చీని పైనుంచి కిందికి కాకుండా కింద నుంచి పైకి గీయండి. నాలుగు కాళ్ళు నేలని తాకే చోట నాలుగు చుక్కలు పెట్టి కలపండి, ఏటవాలుగా ఒక చతుర్భుజం వస్తుంది. దాని పైన సీటుకి ఇంకో చతుర్భుజం. సీటు మీ కంటి ఎత్తుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి నేల మీద ఉన్నదానికంటే ఇంకాస్త అణిగి ఉంటుంది. ఈ ఒక్క తేడా సరిగ్గా వస్తే సగం బొమ్మ వచ్చేసినట్టే. రాకపోతే కాళ్ళ దగ్గర ఎన్ని నీడలు వేసినా కుర్చీ నిలబడదు.

ఇప్పుడు కాళ్ళ గురించి మర్చిపోయి కాళ్ళ మధ్య ఖాళీలని చూడండి. ముందు కాళ్ళ మధ్య కనిపించే నేల ముక్క ఏ ఆకారంలో ఉంది? చేతికీ సీటుకీ మధ్య కనిపించే గోడ ముక్క? ఆ ఖాళీలని గీస్తే కాళ్ళు వాటంతట అవే వస్తాయి. కాలు గీయమంటే మన చెయ్యి మనకి తెలిసిన కాలు గీసేస్తుంది. ఖాళీకి మనకి తెలిసిన ఆకారం అంటూ ఏదీ లేదు, అందుకని కన్ను నిజంగా చూసి తీరాలి.

పడక కుర్చీ, నింపాదిగా

ఒక్క వస్తువుని దగ్గరగా చూపిస్తాను. మా ఇంట్లో టేకు పడక కుర్చీ ఉంది. పైన ఒక కర్ర, ముందు ఒక కర్ర, వాటి మధ్య వేలాడే చారల గుడ్డ, రెండు పక్కలా పొడుగాటి చేతులు. తాతల నాటి ఇళ్ళలో, కొన్ని పల్లెటూళ్ళ అరుగుల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. నీటిరంగులకి ఇంతకంటే మంచి సబ్జెక్టు నాకు తెలీదు. చెక్క, గుడ్డ, నేల మూడూ ఒకదానికొకటి పని అప్పగించుకుంటూ ఉంటాయి.

ముందు గుడ్డ. మనిషి లేకపోయినా గుడ్డలో మనిషి కూర్చున్న గుంట ఉంటుంది. ఆ గుంటని పెన్సిల్‌తో ఒకే గీతలో, చెయ్యి ఎత్తకుండా గీయండి. పై కర్ర దగ్గర గుడ్డ బిగిసి ఉంటుంది, అక్కడ ముడతలు కర్ర నుంచి కిందికి నిటారుగా దిగుతాయి. నడుము ఆనే చోట వదులై అడ్డంగా మడత పడుతుంది. బిగుతు ఎక్కడుందో అక్కడ బరువు ఉన్నట్టు. కాబట్టి పై కర్ర దగ్గరి ముడతలు పదునుగా, గుంటలోవి మెత్తగా ఉండాలి. మెత్తగా రావాలంటే రంగు వేసిన వెంటనే శుభ్రమైన తడి బ్రష్‌తో ఒక అంచుని నీళ్ళలోకి లాగేయండి.

గుడ్డ తెల్లదే అయినా నీడ వైపు తెల్లగా ఉండదు. అల్ట్రామెరీన్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపి, బాగా నీళ్ళతో మొదటి వాష్ వేయండి. గుంట అడుగున నేల నుంచి కొట్టుకొచ్చే వెలుగు కాస్త వెచ్చగా ఉంటుంది, అక్కడ తడి ఆరకముందే ఎల్లో ఓకర్ తాకించండి. పూర్తిగా ఎండనివ్వండి. చారలు ఆ తర్వాతే. చారలు మీకు పెద్ద సాయం. గుడ్డ ఎలా వంగితే చార అలా వంగుతుంది, మీ వైపుకి తిరిగిన చోట వెడల్పుగా, అటు మళ్ళిన చోట సన్నగా అవుతుంది. స్కేలు పెట్టకండి. రౌండ్ బ్రష్‌ని నొక్కితే వెడల్పు, ఎత్తితే సన్నం, ఆ నొక్కడంలోనే గుంట లోతు తెలుస్తుంది. నీడలోకి వెళ్ళిన చారకి రంగు కాస్త చిక్కగా కలుపుకోండి.

తర్వాత చెక్క. కొత్త టేకు బంగారు ఛాయలో ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది. పనస చెక్క మొదట పసుపుగా ఉండి గోధుమ రంగుకి తిరుగుతుంది. రోజ్‌వుడ్ అయితే ఊదా కలిసిన ముదురు గోధుమ. అన్నిటికీ ఒకటే బ్రౌన్ వేసేస్తే చెక్క జాతి తెలీదు. మా టేకు కుర్చీకి మొదటి పొర ఎల్లో ఓకర్‌లో కొద్దిగా బర్న్ట్ సియెన్నా. ఈ పొర వేసే ముందు, పాలిష్ మెరిసే చోట కొవ్వొత్తి ముక్కతో చెక్క పోగు (చెక్కలో సహజంగా ఉండే నార గీతలు) వెంట ఒక్కసారి గీయండి. మైనం ఉన్న చోట రంగు పట్టదు, కాగితం తెలుపు సన్నటి చుక్కలుగా మిగిలి అచ్చంగా పాలిష్ మెరుపులాగే ఉంటుంది. కానీ మైనం మళ్ళీ తీయలేరు, కాబట్టి ఒకటి రెండు చోట్లే.

రెండో పొరకి ఫ్లాట్ బ్రష్‌ని గుడ్డకి అద్ది, సగం ఆరిన బర్న్ట్ సియెన్నాతో పోగు వెంట లాగండి. కాగితం గరుకు మీద రంగు ఆగి ఆగి పడుతుంది, అదే చెక్క పోగు. గీతలు గీసి పోగు చూపించడానికి కష్టపడొద్దు, అది పెయింటింగ్‌లో చెక్కలా కాక సన్‌మైకా షీటులా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: పోగు చెక్క పొడుగు వెంటే పోతుంది. చేతి చెక్కకి అడ్డంగా పోగు వేస్తే, వడ్రంగి పని తెలిసినవాళ్ళకి ఆ చెయ్యి పుటుక్కున విరిగిపోతుందని ఇట్టే తెలిసిపోతుంది.

చేతి చివర, అరచెయ్యి ఆనే చోట పాలిష్ అరిగి కాస్త బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. పక్కన కాఫీ గ్లాసు పెట్టిన తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది మా కుర్చీకి. లక్క పాలిష్ మీద వేడి గ్లాసు పెడితే అలా పడుతుంది. మా క్లాసులో చాలామంది దాన్ని వదిలేసి కొత్త కుర్చీలా వేస్తామంటారు. నేను ఒప్పుకోను. ఆ మచ్చే ఆ కుర్చీని లోకంలో ఉన్న మిగతా కుర్చీలన్నిటి నుంచీ వేరు చేస్తోంది. వేయడం కష్టం కూడా కాదు. రంగు పూర్తిగా ఎండాక, 4 నంబరు బ్రష్‌ని మంచినీళ్ళలో ముంచి ఆ గుండ్రాన్ని గీయండి, కాసేపు నాననివ్వండి, గుడ్డతో గట్టిగా అద్దండి. రుద్దొద్దు. ఆ మేరకు రంగు లేచి మచ్చ వస్తుంది. గుండ్రం పూర్తిగా రాకపోయినా పరవాలేదు, ఒక పక్క తెగి ఉంటేనే నిజం మచ్చలా ఉంటుంది. పక్క నుంచి చూస్తున్నారు కాబట్టి అది అణిగిన కోడిగుడ్డు ఆకారంలో ఉండాలని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక అతుకులు. చెయ్యి కాలుని కలిసే చోట, ఒక చెక్క కొస ఇంకో చెక్క బెజ్జంలోకి దిగే చోట, వెంట్రుకవాసి చీలిక ఉంటుంది. అందులో దుమ్ము, పాత పాలిష్ చేరి నల్లబడి ఉంటాయి. రిగ్గర్ కొసతో, బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరీన్ కలిపి, ఆ గీత వేయండి. గీత అంతా ఒకే మందం ఉండకూడదు. బరువు నొక్కే వైపు చిక్కగా మొదలై, ఇంకో వైపు మాయమైపోవాలి. ఇలాంటి చోట్లు ఈ కుర్చీలో నాలుగో ఐదో ఉంటాయి, వాటికి మీరు పెట్టే శ్రద్ధ మిగతా బొమ్మంతటికీ పెట్టిన శ్రద్ధతో సమానం. చెక్క మీద ఉన్న మిగతా గీతలన్నీ వదిలేసినా ఇవి మాత్రం వదలొద్దు.

నేల

చాలామంది కుర్చీ మొత్తం వేసి, చివర్లో అలిసిపోయి, కింద ఒక బూడిద రంగు మరక పెట్టి లేచిపోతారు. బరువు చివరికి దిగేది నేలలోకే కదా, ఆ మరకతో మొత్తం పోతుంది.

కాలు నేలని తాకే చోట, సరిగ్గా తాకే చోటే, సన్నటి ముదురు గీత ఒకటి ఉంటుంది. కాలికీ నేలకీ మధ్య వెలుగు దూరని సందు అది. బొమ్మ మొత్తంలో అదే అన్నిటికంటే ముదురు రంగు. అక్కడి నుంచి నీడ వెలుగుకి దూరంగా సాగుతుంది. కాలి దగ్గర అంచు పదును, దూరం వెళ్ళేకొద్దీ అంచు చెదిరి లేతబడుతుంది. నీడ అంటే బూడిద రంగు కాదు, నీడలో ఉన్న నేల. ఎర్ర గచ్చు మీద నీడ ముదురు ఎరుపు. తాండూరు బండల మీద అయితే నీలం కలిసిన బూడిద. నేల రంగు కొంచెం, అల్ట్రామెరీన్ కొంచెం, సియెన్నా కొంచెం కలిపి ఒకే చేతివాటున వేసి వదిలేయండి. నీడ మీద బ్రష్ రెండోసారి తిప్పితే బురద అవుతుంది.

మెరిసే గచ్చు, మొజాయిక్, టైల్స్ ఉంటే నీడతో పాటు ప్రతిబింబం కూడా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేయకండి. నీడ వెలుగుని బట్టి ఏటవాలుగా పడుతుంది. ప్రతిబింబం మాత్రం వెలుగు ఎటు ఉన్నా కాలికి సూటిగా కిందికి దిగుతుంది. ముదురు కాలు ప్రతిబింబంలో కాస్త లేతగా, తెల్ల కాలు కాస్త ముదురుగా కనిపిస్తుంది. ఫ్లాట్ బ్రష్‌తో తడి నేల మీద నిలువుగా ఒక్క లాగు లాగి, ఆరేలోపు అడ్డంగా ఒకసారి మెల్లిగా తుడవండి. నేల నున్నగా అయిపోతుంది.

మిగతా సామాను, క్లుప్తంగా

నవారు మంచం: అల్లిక మొత్తం వేయాలని కూర్చుంటే చెయ్యి పడిపోతుంది, బొమ్మ కూడా బిగుసుకుపోతుంది. పట్టెలు (చుట్టూ ఉండే కర్రలు), కోళ్ళు (మంచం కాళ్ళు) గట్టిగా వేయండి. మధ్యలో నవారు జారిన వంపు ఒక్క గీతలో తేవాలి. దగ్గర ఉన్న మూడో వంతులో మాత్రం గళ్ళు చూపించి, ఒక పట్టీ ఇంకో పట్టీ కిందికి దూరే చోట చిన్న నీడ పెట్టండి. దూరంగా ఉన్న అల్లికని చూసేవాళ్ళ కన్నే పూర్తి చేసుకుంటుంది.

పేము అల్లిన కుర్చీ: పేముని వేయకండి, కన్నాలని వేయండి. ముందు సీటంతటికీ ఓకర్ వాష్, ఎండాక కన్నాల్లో కనిపించే చీకటిని చుక్కలుగా పెట్టండి. మామూలు కేన్ అల్లికలో కన్నం ఎనిమిది పలకలుగా ఉంటుంది, కానీ దూరం నుంచి అవి అడ్డంగా నొక్కుకుపోయిన చుక్కలే. సీటు మధ్యలో కిందికి జారి ఉంటే ఆ చుక్కల వరసలు కూడా వంగాలి.

స్టీలు బీరువా: ఇది పెద్ద నిలువు వాష్ వేయడానికి మంచి అభ్యాసం. అట్టని కాస్త వాలుగా పెట్టి, పైనుంచి కిందికి రంగు బొట్టుని లాక్కుంటూ రండి, మధ్యలో ఆగొద్దు. తలుపు అంచున వెలుగు పడే సన్నటి గీత కాగితం తెలుపుగా వదలండి. ఇనుముకి వెలుగు నీడల అంచులు చెక్కకంటే పదును. అద్దం ఉంటే దానికి లేత నీలం పులమకండి. అద్దానికి సొంత రంగు లేదు, అందులో కనిపిస్తున్న గదిని కాస్త తగ్గించిన వెలుగు నీడలతో వేయండి. బీరువా బరువంతా కింది అంచు దగ్గర తెలుస్తుంది. కాళ్ళ కింద ఎత్తు కోసం చెక్క ముక్కలు పెట్టి ఉంటారు చాలా ఇళ్ళలో, వాటిని తప్పకుండా వేయండి.

ప్లాస్టిక్ కుర్చీ: దీన్ని తక్కువగా చూడకండి. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని ఎండలో పెట్టి చూడండి. పలచటి వీపు భాగం గుండా ఎండ దూరి లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది, దాని నీడలోకి ఎరుపు దిగుతుంది. పారదర్శకమైన నీటిరంగుకి ఇది పుట్టినిల్లు. తెల్ల కుర్చీ అయితే కాగితమే దాని రంగు, మీరు వేయాల్సింది వెనక గోడ, నీడలు.

ఒంటరిగానా, గదిలోనా

వస్తువుని తెల్ల కాగితం మీద ఒక్కదాన్నే వేయొచ్చు, గదితో సహా వేయొచ్చు. రెండూ వేరు వేరు పనులు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో పనిలేని చిత్రకారులకి ప్రభుత్వం ఇచ్చిన పనుల్లో ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్ ఒకటి. 1935 నుంచి 1942 దాకా వాళ్ళు కుర్చీలు, పెట్టెలు, బొమ్మలు, దుప్పట్లు, ఇంట్లో వాడుకునే ఇలాంటివాటికి సుమారు 18,000 నీటిరంగుల బొమ్మలు వేశారు. ఇప్పుడవి వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి, నెట్‌లో చూడొచ్చు. చాలావాటిలో వెనక ఏమీ ఉండదు. వస్తువు, దాని చిన్న నీడ. చెక్క అరుగుదల, మేకు తుప్పు కూడా వదల్లేదు. ఒక్క వస్తువుని అంత మర్యాదగా చూడడం ఎలాగో వాటిని పెద్దవి చేసి చూస్తే తెలుస్తుంది. స్వీడన్ చిత్రకారుడు కార్ల్ లార్సన్ దారి వేరు. సుండ్‌బోర్న్‌లోని తన ఇంటి గదుల్నే నీటిరంగుల్లో వేశాడు. కుర్చీ, బల్ల, కిటికీలో మొక్క, ఆడుకునే పిల్లలు అన్నీ కలిసి ఉంటాయి.

మొదట ఒంటరిగా వేయండి, వస్తువు చేతికి వచ్చాక గదిలోకి వెళ్ళండి. గదిలో వేసేటప్పుడు సర్దకండి. కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు, చేతికి తగిలించిన సంచీ, మంచం కింద తోసిన ట్రంకు పెట్టె, అన్నీ బరువులే, అవి మోసే పని కుర్చీకీ మంచానికీ ఉంది.

ఫోన్‌లో బొమ్మలు చూసి మాత్రమే నేర్చుకునేవాళ్ళకి అసలు కాగితం మీద రంగు ఎంత పలచగా ఉంటుందో తెలియదు. మా రాజమండ్రికి వస్తే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీద ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి, ఆయన చేతి రంగులు దగ్గర నిలబడి చూడండి.

బొమ్మ పూర్తయ్యాక

టేపు విప్పేటప్పుడు కాగితం పూర్తిగా ఎండాలి, టేపుని బయటి వైపుకి వాలుగా లాగాలి. కాగితం ఇంకా వంకర ఉంటే వెనక వైపు తడి అద్ది, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు ఒక రాత్రంతా ఉంచండి. ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మకీ అద్దానికీ మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వచ్చే మందపాటి అట్ట) పెట్టమనండి. అద్దం నేరుగా కాగితాన్ని తాకితే మన గాలిలో తేమకి బూజు పడుతుంది. బోర్డు యాసిడ్ లేనిది అడగండి, లేకపోతే కొన్నేళ్ళకి కాగితం అంచులు పసుపెక్కుతాయి. ఎండ నేరుగా పడే గోడకి, బాత్‌రూమ్ పక్క గోడకి తగిలించొద్దు. ఫ్రేము కట్టించనివి చదునుగా ఫైల్లో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన వేయండి. వానాకాలం అయ్యాక ఒకసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి.

కాగితం వెనక పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాయండి: తేదీ, అది ఏ చెక్క, ఎవరు చేశారు, ఎవరు వాడారు. ఆ వస్తువు చేసిన వడ్రంగి పేరు ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది, ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. పెన్ను వాడొద్దు, ఇంకు ముందు వైపుకి దిగుతుంది.